మాచిపత్రి వేసిన ఎండాకాలం

మొక్కల విషయంలో నన్ను మించినవాడు లేడు. మొలక మట్టిలోంచి తల బయట పెడితే చాలు, అది రెండో ఆకు విప్పకముందే దాని పేరు, గుణం, తాతముత్తాతల చరిత్రతో సహా చెప్పేయగలను. ఉద్యోగమంతా బస్సు స్టీరింగు వెనకాలే గడిపినవాణ్ని కదా, రోడ్డు పక్కన మొలిచిన ప్రతి మొక్కా నాకు దణ్ణం పెట్టే పెరిగింది. ఈ మాట నేను పిల్లలకు చెప్పాను, పిల్లల తల్లులకు చెప్పాను, బడి హెడ్మాస్టరుకు చెప్పాను. ఆ ఎండాకాలం మొదట్లో అందరూ నమ్మారు. అందరికంటే ఎక్కువ నేను నమ్మాను.

నమ్మనిది మా అక్క ఒక్కతే.

“ఒరేయ్, కొత్తిమీర కట్ట తెమ్మంటే క్యారెట్ ఆకులు తెచ్చినవాడివి. నీకు మొక్కలేంట్రా?”

“అప్పుడు కళ్లజోడు లేదక్కా.”

“ఇప్పుడూ లేదుగా.”

“ఇప్పుడు అవసరం లేదు.”

మా ఇంట్లో అప్పుడు ముగ్గురం. నేను, మా అక్క, మా అమ్మాయి. అక్కకు మోకాళ్లు పోయాయిగానీ నోరు మాత్రం షోరూములోంచి అప్పుడే దింపిన బండిలా ఉండేది. అమ్మాయి బళ్లో లెక్కలు చెబుతుంది. అల్లుడు అదే బళ్లో డ్రాయింగు మాస్టారు, స్కౌటు మాస్టారు కూడా. అతను పోయి అప్పటికి రెండో ఏడు. డ్రాయింగుకు బడివాళ్లు ఇంకొకరిని తెచ్చుకున్నారు. స్కౌట్లకు మాత్రం ఎవరూ రాలేదు. ఒకరోజు పొద్దున్నే పిల్లలు మా గుమ్మం ముందు వరసగా వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మాయి చీపురు పక్కన పెట్టి, కొక్కేనికి ఉన్న అతని స్కార్ఫు తీసి మెడకు కట్టుకుని వాళ్లతో వెళ్లింది. అప్పట్నుంచీ వెళుతూనే ఉంది.

పొద్దున స్కౌట్లు, పగలు బడి, సాయంత్రం ట్యూషన్లు, మధ్యలో మేనత్త మోకాళ్లకు నూనె. ఒకరోజు పళ్లు తోముకుంటూ తోముకుంటూ గోడకు ఆనుకుని నిద్రపోయింది, బ్రష్షు నోట్లోనే ఉంది. ఇంకోరోజు ఎర్ర పెన్ను చేత్తో పట్టుకునే పడుకుంది. పొద్దున లేచేసరికి చెంప మీద ఇంత తప్పు గుర్తు.

“నీ జవాబు నువ్వే కొట్టేసుకున్నావేమే?” అంది అక్క.

“తప్పయితే కొట్టెయ్యాలి కదత్తా” అని, మొహం కడుక్కోకుండానే బడికి పోయింది.

వేసవి సెలవులు ఇచ్చిన రోజున, అన్నాల దగ్గర ఆ సంగతి ఎత్తింది.

“నాన్నా, ఒక్క బ్యాడ్జి మిగిలింది. మొక్కల బ్యాడ్జి. ఆయన పిల్లలకి మాటిచ్చి పోయాడు. అదొక్కటీ వచ్చేస్తే ఆయన మొదలుపెట్టింది అయిపోయినట్టే. ఇక నేను మానేస్తా.”

“మానేసి?”

“పడుకుంటా.”

సముద్రం చూడాలని ఉంది అని చెప్పేటప్పుడు కొందరి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె మొహం. నేను ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

“ఏం చెయ్యాలిట ఆ బ్యాడ్జికి?”

“మన నేలలో పుట్టి పెరిగే మొక్కలతో పిల్లలు ఒక మడి పెంచాలి. సెలవులు అయ్యేలోపు పరీక్షాధికారి వస్తాడు. అప్పటికి మడి పచ్చగా ఉండాలి. ఏది ఏ మొక్కో పిల్లలు ముట్టుకుని, వాసన చూసి చెప్పాలి. నాకేమో గులాబీకీ గన్నేరుకీ తేడా తెలీదు. లేకపోతే ఇదీ వచ్చే ఏడుకి పోతుంది.” నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. “ఇంకో ఏడు నావల్ల కాదు నాన్నా.”

“ఓస్, ఇంతేనా! నాకు వదిలేసి నువ్వు పేపర్లు దిద్దుకో” అన్నాను.

అక్క నా వైపు చూసింది. ఏదో అనబోయి, అమ్మాయి మొహం చూసి, నోట్లో ముద్ద పెట్టుకుంది. ఆమె మాట మింగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బడి వెనక, నీళ్ల ట్యాంకుకూ ప్రహరీకీ మధ్య కొంచెం జాగా ఉంది. విరిగిన బెంచీలు, ఇటుక ముక్కలు, పెంకులు పోసేవారక్కడ. పిల్లలు డజను మంది దాకా వచ్చారు, మగపిల్లలూ ఆడపిల్లలూ. అందరికీ నేనే పేర్లు పెట్టాను. ఒకచోట నిలవనివాడు పిడుగు, వాడి తల్లి దర్జీ పని చేస్తుంది. ఏ పనయినా అందరికంటే ఆఖర్న ముగించే పిల్ల నత్త. ప్రపంచంలో జరిగే ప్రతి తప్పునూ వెంటనే పైవాళ్లకు చేరవేసే పిల్ల చాడీ. పేర్లు పెట్టినందుకు వాళ్లు కోపం తెచ్చుకోలేదు. నాకూ ఒకటి పెట్టి లెక్క సరిచేశారు. “కోతల తాత” అని. కోతలంటే పంట కోతలనుకున్నట్టు ఆ పేరుకు నేను దర్జాగా పలికేవాణ్ని.

పెంకులు ఏరేశాక తేలిందేమిటంటే, అక్కడ మట్టి లేదు. గట్టి నేల, పైన సున్నం. నా దగ్గర కండక్టరుగా చేసినవాడి బావమరిదికి ట్రాక్టరు ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నచోట తవ్విపోసిన మట్టి ఒక ట్రక్కు తెప్పించాను. నల్లగా, మెత్తగా ఉంది. నేను ఒక పిడికెడు తీసి, గొప్పగా ముక్కు దగ్గర పెట్టుకుని, “ఆహా” అన్నాను.

ఇక్కడొక మాట చెప్పాలి. నా ముక్కు పనిచెయ్యదు. ఏళ్ల తరబడి వేడి ఇంజను పక్కన కూర్చుని దాన్ని డీజిలుకు ధారపోశాను. ఇంట్లో అన్నం మాడినా అక్క అరిస్తే తప్ప నాకు తెలియదు. కానీ స్కౌట్లకు మొక్కలు నేర్పేవాడు “నాకు వాసన తెలీదు” అంటే, బస్సు డ్రైవరు “నాకు బ్రేకు ఎక్కడుందో తెలీదు” అన్నట్టే కదా. అందుకని చెప్పలేదు.

గింజలు ఏరడానికి రైలు పట్టాల వెంబడి, కాలవ గట్టు మీద తిప్పాను వాళ్లను. పొద్దున్నే వెళ్లి, ఎండ నెత్తి మీదికి రాకముందే తిరిగి వచ్చేవాళ్లం. అల్లుడు చనిపోకముందు పిల్లలకు బొమ్మలు వేసి ఇచ్చాడు, తుమ్మి, ఉత్తరేణి, గలిజేరు, నేల ఉసిరి, మాచిపత్రి. ఆ బొమ్మలు పట్టుకుని వెతికేవాళ్లం. మాచిపత్రి ఆకు చీలికలు చీలికలుగా, కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. నలిపితే చెయ్యంతా వాసన అట. “అట” అన్నది ఇప్పుడు, అప్పుడు “ఆహా” అన్నాను.

ఆకుల మీద కాగితం పెట్టి, పైన క్రేయాను రుద్దించి ఆకు ఈనెల అచ్చులు తీయించాను. కళ్లకు గంతలు కట్టి ఆకు చేతిలో పెడితే, గరుకా, నునుపా, నూగుందా లేదా చెప్పాలి. ఇవన్నీ అమ్మాయి రాత్రి కూర్చుని ఆలోచించినవి. మధ్యలో కథలు మాత్రం నావి.

“తాతా, ఈ ఉత్తరేణి గింజలు నిక్కరుకి అంటుకుని వదలట్లేదు” అన్నాడు పిడుగు.

“వదలదురా. అది టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేసే రకం. నా బస్సులో ఒకావిడ చీర కుచ్చిళ్లకు అంటుకుని చివరి స్టాపులో దిగేది. దిగి మొలిచేది. ఇంకా నయం, అది దిగింది. నా బస్సు పైన దుమ్ములో గడ్డి మొలిచింది ఒకసారి. ఆ గడ్డి కోసం ఒక మేక నిచ్చెనెక్కి పైకి వెళ్లి, ఊళ్లు దాటుతూ మేస్తూ కూర్చుంది. తనిఖీవాళ్లు వచ్చి దానికి అర టిక్కెట్టు కొట్టారు.”

“అర ఎందుకు?” అంది నత్త, కాసేపు ఆలోచించి.

“పిల్ల మేక.”

“టీచర్! తాత అబద్ధాలు చెబుతున్నాడు!” అని చాడీ పరిగెత్తింది. అమ్మాయి కాలవ గట్టు మీద తుమ్మ చెట్టు నీడలో, పేపర్ల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చాడీ వెళ్లేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఏమీ వినలేదు. ఆ పిల్ల రెండోసారి చెప్పలేదు. తిరిగి వచ్చి మెల్లగా, “టీచర్ కళ్లు తెరుచుకుని నిద్రపోతోంది తాతా” అంది.

“అదొక విద్యలే” అన్నాను. పిల్లలందరూ అటు చూశారు. ఆరోజు ఇంకెవరూ గట్టిగా మాట్లాడలేదు.

గింజలు చల్లాం. ట్యాంకు కుళాయి నుంచి బకెట్లతో మోసి, డబ్బా అడుగున చిల్లులు కొట్టి, జల్లులా నీళ్లు పోశాం. ఆ ఏడు ఎండలు మనుషుల్ని మడతపెట్టే ఎండలు. ఇనప గేటు ముట్టుకుంటే చెయ్యి కాలేది. పిల్లలు బకెట్టుకు ఇద్దరు చొప్పున పట్టుకుని, సగం కాళ్ల మీద పోసుకుంటూ వచ్చేవారు. నత్త తన వంతు నీళ్లు తనే, చుక్క ఒలకకుండా, అందరూ వెళ్లిపోయాక కూడా పోస్తూ ఉండేది.

కొద్ది రోజులకే మొలకలొచ్చాయి. మడి నిండా! ఒక్కటే రకం, ఒత్తుగా, నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకున్నాయి. ఆకులు చీలికలు చీలికలు, కత్తిరించినట్టు. నేను రెండో ఆకుకే తేల్చేశాను.

“మాచిపత్రి! ఏం పట్టిందర్రా! మన చేతి చలవ!”

పిల్లలు గంతులేశారు. వాటి మధ్య అక్కడక్కడా వేరే మొలకలు నీరసంగా తలెత్తుతున్నాయి. అవేమిటో పోల్చుకోలేకపోయాను. నేను పోల్చుకోలేనిది కలుపు కాక ఇంకేమవుతుంది? “పీకి ట్యాంకు వెనకాల పడేయండి. దొంగ మొక్కలు మన మాచిపత్రి తిండి తినేస్తున్నాయి” అన్నాను. జాగ్రత్తగా, వేళ్లతో సహా పీకారు. బాగా నేర్పాను కదా.

చాడీ ఒక ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“వాసన రావట్లేదు తాతా.”

“జలుబు చేసిందేమో.”

“లేదు.”

“అయితే ఎండకి వాసన లోపలికి పోయింది. సాయంత్రం బయటికొస్తుంది.”

ఆ పిల్ల నన్ను చూసింది. అమ్మాయి దగ్గరికి పరిగెత్తి చెప్పేదే, ఎప్పుడూ అలాగే చేసేది. కానీ ఆ కాలవ గట్టు రోజు నుంచీ మానేసింది. టీచర్ని విసిగించకూడదని వాళ్లలో వాళ్లే అనుకున్నారట. నాకు ఆ తర్వాత తెలిసింది.

మడి పచ్చగా పెరిగింది. నడుము దాకా వచ్చింది. హెడ్మాస్టరు చూసి, “స్థానిక వృక్షజాతులకు ఇంత బలం ఉంటుందనుకోలేదండీ” అన్నాడు. అమ్మాయి కూడా వచ్చి గట్టున నిలబడి చూసింది. ఆకుల మీదుగా చెయ్యి పోనిచ్చింది. “బాగుంది నాన్నా” అంది. ఆ రాత్రి ఆమె పెందరాళే పడుకుంది. అక్క కూడా నన్ను ఏమీ అనలేదు. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని, అల్లుడితో మనసులోనే, చూశావా మరి, అన్నాను.

పరీక్షాధికారి రావడానికి ఇంక వారం కూడా లేదనగా, దర్జీ ఆవిడ మా ఇంటికొచ్చింది. పిడుగును రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. వాడి చేతులు మోచేతుల దాకా ఎర్రగా కంది, పొక్కులు.

“మీ తోటపనికి పంపితే ఇదండీ సంగతి. రాత్రంతా గోక్కుంటూనే ఉన్నాడు. తుమ్ములు కూడా. మీ టీచరమ్మ ఏదీ?”

“చెమటకాయలమ్మా ఇవి. ఎండ కదా” అన్నాను.

“చెమటకాయలు నాకు తెలీవా? రోజంతా మిషను ముందు కూర్చునేదాన్ని.”

పక్కగదిలో అమ్మాయి పేపర్లు దిద్దుకుంటోంది. తలుపు తీసే ఉంది. నేను గొంతు తగ్గించాను. “నువ్వు వెళ్లు, నేను మందు తెచ్చి పూస్తా. ఆకు మహిమే అంత. మంచి మొక్క కాబట్టే కాస్త ఘాటు” అని, చొక్కా జేబులో ఉన్న రెమ్మ తీసి చూపించాను. అప్పుడే చివర్న తెల్లటి పూలు విచ్చుకుంటున్నాయి, బియ్యం నూకలంత.

కుర్చీలోంచి అక్క చెయ్యి చాపింది. “ఏదీ, ఇలా తే.”

తీసుకుంది. నలిపింది. వాసన చూసింది. ఆ తర్వాత దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసి, చెయ్యి చీర చెంగుకు గట్టిగా తుడుచుకుంది.

“ఒరేయ్, ఇది మాచిపత్రి అయితే నేను మహారాణినిరా.”

“మరి?”

“వయ్యారిభామ. ఎక్కడి దేశానిదో, ధాన్యం మూటల్లో దాక్కుని వచ్చి ఊళ్లకి ఊళ్లు ఆక్రమించేసింది. ఒంటికి తగిలితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. రోడ్డు పక్కన మట్టి నిండా దాని గింజలే. దేన్ని పీకాలో నేర్పమని పిల్లల్ని అప్పజెబితే, దానికే నీళ్లు పోయించావా?”

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. దర్జీ ఆవిడ కూడా గొడవ మరిచిపోయి నా మొహం వైపే చూస్తోంది.

పక్కగదిలో పెన్ను చప్పుడు ఆగిపోయింది. తర్వాత అమ్మాయి గొంతు వచ్చింది, మామూలుగానే.

“అయితే వచ్చే ఏడు కూడానా, నాన్నా?”

మళ్లీ పెన్ను చప్పుడు మొదలైంది.

మర్నాడు తెల్లవారకముందే అమ్మాయి లేచి, ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ సంచులన్నీ పోగుచేసింది. పిల్లల చేతులకు సంచులు తొడిగి మణికట్ల దగ్గర తాళ్లు కట్టింది. మూతులకు స్కార్ఫులు. దద్దుర్లున్నవాళ్లను గేటు దగ్గరే కూర్చోబెట్టింది. పూలు గింజ కట్టకముందే పీకేయాలి, లేకపోతే వచ్చే ఏడు బడి అంతా ఇదే ఉంటుంది, అని చెప్పింది. ఎవరిది తప్పో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, చాడీ ముందే అందరికీ చెప్పేసింది.

నేనూ పీకాను. నడుము నాది కాకుండా పోయింది. బకెట్లతో నీళ్లు మోసిన పిల్లలే వాటిని వేళ్లతో లాగుతుంటే చూడటం కంటే నడుము నొప్పే నయం.

నత్త మాత్రం తన మూల కదలలేదు. సంచులు తొడిగిన చేతులు ముందుకు చాపుకుని కూర్చుంది.

“పీకమ్మా” అన్నాను.

“రోజూ నేనే నీళ్లు పోశాను తాతా.”

“అవును, అయినా అది చెడ్డ మొక్క.”

“అది చెడ్డదని దానికి తెలీదు కదా.”

నా దగ్గర దేనికైనా ఒక కథ ఉంటుంది. దానికి లేకపోయింది. అమ్మాయి వచ్చి ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

“దానికి తెలీదు. మనకి తెలిసింది కదా” అంది. “రా, ఇద్దరం లాగుదాం. వేరుతో రావాలి.”

ఇద్దరూ లాగారు. వేరు తెగకుండా పొడుగ్గా వచ్చింది. అది చూసి నత్త, ఏడుస్తూనే, “పూర్తిగా వచ్చింది టీచర్” అంది.

గేటు దగ్గర కూర్చోలేక, పీకిందంతా కప్పెట్టే గొయ్యి చూడ్డానికి ట్యాంకు వెనక్కి జారుకున్న పిడుగు, అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వెళ్లి చూశాం. ట్యాంకు కారుతున్నచోట, తడిలో, మేము కలుపని పీకి పారేసినవి మళ్లీ నాటుకుని నిలబడి ఉన్నాయి. తెల్ల పూలతో తుమ్మి. నేలంతా పాకిన గలిజేరు. గోడ వారగా ఉత్తరేణి. ఆకు కింద వరసగా కాయలు కట్టిన నేల ఉసిరి. ఒక మూల రెండంటే రెండు మొక్కలు, ఆకులు చీలికలుగా, కింద బూడిద రంగు నూగుతో. చాడీ ఒక ఆకు నలిపి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది.

“ఆహా” అన్నాను, అలవాటు కొద్దీ.

“తాతా, నీకు వాసన తెలీదు కదూ?”

“తెలీదు” అన్నాను. బస్సు దిగాక మొదటిసారి ఒప్పుకున్నాను. ఎంత తేలికయిందో చెప్పలేను. మొక్కల్లో నన్ను మించినవాడు లేడన్నాను చూడండి, ఉన్నారు. చాడీ ఉంది. మా అక్క ఉంది. కిటికీ అవతల ఆ వయ్యారిభామ రెమ్మ మీద పేడ వేసిపోయిన గేదె కూడా ఉంది, అది దాన్ని వాసన చూసి వదిలేసింది.

పరీక్షాధికారి చెప్పిన రోజునే, మధ్యాహ్నం ఎండలో వచ్చాడు. సన్నటి మనిషి. అప్పటికే ఇంకెక్కడెక్కడో బళ్లు చూసి వచ్చాడట, వస్తూనే ట్యాంకు గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పాడు. మంచినీళ్లు తాగి, ఖాళీ మట్టి వైపు చూశాడు.

“మడి ఏదీ?”

“పీకేశాం సార్” అంది చాడీ.

“ఎందుకు?”

“అది వయ్యారిభామ సార్.”

“మరి ఎందుకు పెంచారు?”

“తాత చెప్పాడు సార్.”

ఆయన నన్ను చూశాడు. నేను ఆకాశంలో గద్ద ఏమైనా ఉందేమోనని వెతికాను. హెడ్మాస్టరు దగ్గి, “మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు...” అని మొదలుపెట్టాడు.

“వంగడానికి ఇక్కడ మొక్కే లేదు కదండీ” అన్నాడు పరీక్షాధికారి.

అమ్మాయి ఆయన్ని ట్యాంకు వెనక్కి తీసుకెళ్లింది. పిల్లలు ఒక్కొక్కరూ కళ్లకు స్కార్ఫు కట్టుకుని నిలబడ్డారు. ఆయన ఆకు తుంచి చేతిలో పెట్టడం, వాళ్లు నలిపి, తడిమి, చెప్పడం. నత్తకు నేల ఉసిరి వచ్చింది. ఆ పిల్ల ఎంతసేపు తడిమిందంటే ఆయన చెప్పులు వేసుకుని మళ్లీ విప్పాడు. చివరికి సరిగ్గానే చెప్పింది. పిడుగు చేతిలో ఉత్తరేణి పెట్టాడు.

“ఇది టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేసేది సార్!”

“ఏంటీ?”

“బట్టలకి అంటుకుని ఎక్కుతుంది సార్. దిగినచోట మొలుస్తుంది.”

ఆయన నవ్వాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి కూడా గోడకు ఆనుకుని నిలబడింది, బరువు దించబోతున్న మనిషిలా.

“పిల్లలకి బాగా తెలుసు, కాదనను” అన్నాడాయన, చేతులు దులుపుకుంటూ. “కానీ నియమం ప్రకారం పిల్లలు పెంచిన మడి ఉండాలి. ఇవి మీరు పెంచినవి కావు, పారేసినవి. పారేసినవాటికి బ్యాడ్జి ఇచ్చే అధికారం నాకు లేదమ్మా.”

ఆయనే మళ్లీ, మెత్తగా, “నాలుగు చినుకులు పడ్డాక మళ్లీ వెయ్యండి. చలి మొదలవగానే నేనే వస్తాను. ఎవరు చూసుకుంటారు?” అన్నాడు.

“నేనే చూసుకుంటానండీ” అంది అమ్మాయి.

హాజరు పిలిస్తే పలికినట్టు, ఆలోచించకుండా వచ్చేసింది ఆ మాట. హెడ్మాస్టరు సంతోషించి, “మా మేడమ్ లాంటివాళ్లు ఉండబట్టే” అంటూ పొగడటం మొదలుపెట్టాడు. ఆయన ఒక్కో మాట అంటుంటే, నాకు ఆమె భుజం మీద ఒక్కో బస్తా వేస్తున్నట్టే కనిపించింది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అక్క ఆ లోటు తీర్చింది.

మర్నాడు పొద్దున్నే పిల్లలు గుమ్మం ముందుకొచ్చారు. అమ్మాయి లేచి తయారైంది. స్కార్ఫు కట్టుకుంది. మెట్టు మీద కూర్చుని ఒక కాలికి బూటు తొడిగింది. రెండోది చేతిలో పట్టుకుంది. అంతే. తల పక్కకు వాలి గోడకు ఆనింది.

పిల్లలు నన్ను చూశారు. నేను నోటి మీద వేలు పెట్టాను. వంగి, ఆమె చేతిలో బూటు తీశాను. కాలికున్నది కూడా లేసు విప్పి తీశాను. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి అలాగే నిద్రపోయేది, అప్పుడూ నేనే తీసేవాణ్ని. అక్క గోడ పట్టుకుని, మోకాళ్లు కటకటలాడుతుంటే, తన దిండు తెచ్చింది. తెచ్చి, తల కింద పెట్టి, గుసగుసగా, “నువ్వు పోరా వాళ్లతో. దేన్నీ ఇది ఫలానా మొక్క అనకు” అంది.

“అనను.”

“ఆ చాడీ పిల్లకి వాసన చూపించి అడుగు.”

“అడుగుతా.”

వెళ్లాం. ఆరోజు కొత్తగా ఏమీ నేర్పలేదు. నేను మట్టి తిరగేశాను, పిల్లలు మిగిలిపోయిన వేళ్లు ఏరారు. ఏ మొలక కనబడినా చాడీని పిలిచాను.

తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. అమ్మాయి మెట్టు మీద లేదు. ఎప్పుడో లేచి లోపలికి వెళ్లి, మంచం మీద పడుకుంది. పేపర్ల కట్ట విప్పనేలేదు. దర్జీ ఆవిడ ట్యూషను గురించి అడగడానికి వస్తే అక్క గుమ్మంలోనే అడ్డుకుని పంపేసిందట. నా అడుగుల చప్పుడుకు అమ్మాయి కళ్లు తెరిచింది.

“లేపలేదేం నాన్నా?”

“నువ్వు లేవలేదు.”

“పిల్లలో?”

“పిల్లలు బాగానే ఉన్నారు. నాకంటే తెలివైనవాళ్లు.”

కాసేపు పైకప్పు వైపు చూసింది. “రేపు లేపు.”

“రేపు కూడా లేపను.”

“నేను చూసుకుంటానని చెప్పాను కదా ఆయనకి.”

“పరీక్షాధికారితోనా, అల్లుడితోనా?”

గోడ వైపు తిరిగింది. నిద్రపోయిందేమో అనుకుని లేవబోయాను.

“నాన్నా.”

“ఊ.”

“నువ్వు వాళ్లకి అబద్ధాలు చెప్పకుండా ఉండలేవు.”

“ఉండలేను.”

“సరే అయితే” అంది. స్కార్ఫు ఇంకా మెడకే ఉంది. పడుకునే ముడి విప్పి, చెయ్యి వెనక్కి చాపి నాకిచ్చింది. నేను దాన్ని తలపాగా చుట్టుకోవాలా, మెడకు కట్టుకోవాలా తెలియక చేత్తోనే పట్టుకున్నాను.

ఆ సాయంత్రం వాన పడింది. ఏ మబ్బూ లేకుండా వచ్చి, కిటికీ రెక్కలు టపటప కొట్టి, బడి వెనక మేము తిరగేసిన మట్టిని మోకాలి లోతు నానబెట్టి పోయింది. అమ్మాయి కదలలేదు. అక్క కిటికీ వెయ్యబోతే, ఉండనియ్యక్కా, చల్లగాలి తగలనీ, అన్నాను.

ఇదంతా జరిగిందే. మేక కథ సంగతి మీ ఇష్టం, అది పిల్లలకు చెప్పింది, మీకు చెప్పింది కాదు. మీకు చెప్పినదాంట్లో నేను కల్పించింది ఆ వాన ఒక్కటే. ఆ ఏడు వాన చాలా రోజుల దాకా రాలేదు. పిల్లలూ నేనూ బకెట్లే మోశాం. అమ్మాయి చెమటలు కక్కుతూ, ఫ్యాను తిరగని గదిలో, ఆ ఎండలోనే నిద్రపోయింది. అలా పడుకోబెట్టడానికి నాకు మనసొప్పక, రాసేటప్పుడు కాస్త చల్లబరిచాను.